పోశవ్వ ఎడమ కాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గానీ, కట్టి ఉన్న ఇంటిని కన్నకూతురి చేతిలో పెట్టి చూడమని మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే ముత్యం ముందే జాగ్రత్తపడేవాడు.

ముత్యం గోదావరిఖనిలో బొగ్గుబాయి సర్దారు. షిఫ్టు మొదలుకాగానే అందరికంటే ముందు లోపలికి పోయి, చేతికర్రతో కప్పును తట్టి చూడటం అతని పని. కప్పు ఖంగుమంటే మనుషుల్ని పిలుస్తాడు, బొదబొదమంటే సపోర్టు పెట్టిస్తాడు. బతుకంతా ఇదే పని చేసినందువల్ల అతనికి ఈ భూమ్మీద ఏ కప్పు మీదా నమ్మకం లేకుండా పోయింది. పెళ్ళికి ఫంక్షన్ హాలుకు పోయినా ముందు పైకి చూసి, ఆ తర్వాతే పిల్లతండ్రికి దండం పెట్టేవాడు. ఒకసారి సినిమాహాల్లో కర్ర లేక, చెప్పు విసిరి చూశాడని కూడా అంటారు గానీ, అది అతని దోస్తు పోశం కల్పించిందే అయ్యుంటుంది.

రిటైరైతే కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. తోటివాళ్ళు పెద్దపల్లిలో ప్లాట్లు కొన్నారు, నస్పూర్‌లో డాబాలు లేపారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. ముత్యం పోయి పోయి పట్వారి భవంతి కొన్నాడు. అది అతని సొంతూళ్ళో ఉంది. సొంతూరంటే సగం ఓపెన్‌కాస్టు బొగ్గు గుంటలో కలిసిపోగా, తవ్వి పోసిన మట్టికుప్ప పక్కన మిగిలిన ముక్క. పట్వారి మనుమలు హైదరాబాదులో ఉంటారు. కొంటానని ఒక మనిషి వచ్చాడంటే ముందు నమ్మలేదు, నమ్మిన తర్వాత సంతకం పెట్టడానికి ఆలస్యం చెయ్యలేదు. కాలనీ అంతా నవ్వింది. సర్దారు రిటైర్‌మెంటుకు ముందే మతి పోగొట్టుకున్నాడని కొందరు, లంకెబిందెల జాడ దొరికిందేమోనని కొందరు చెప్పుకున్నారు.

జాడ దొరికిన మాట నిజమే. బిందెలది కాదు, గడపది.

ముత్యం తల్లి పోశవ్వ వయసులో ఉన్నప్పుడు ఆ భవంతి వాకిలి ఊడ్చేది. తెల్లారకముందే పోయి ఊడ్చి, పేడనీళ్ళ సాన్పు చల్లి, ముగ్గేసేది. గడప దాకానే ఆమె రాజ్యం. దిండంత లావు టేకుదుంగ, మధ్యలో గుర్రపునాడా కొట్టి ఉండేది. దాని అవతల ఏముందో ఆమె ఎన్నడూ చూడలేదు. ఒకనాడు నీళ్ళ బకెట్ మోసుకుంటూ వెంట పోయిన చిన్ననాటి ముత్యం, దర్వాజ మీద చెక్కిన చిలుకల్ని చూద్దామని ఆ గడప మీద కాలు పెట్టాడు. పట్వారి చేతికర్ర మోకాలి మీద పడింది. పిల్లవాడు ఏడ్చిన ఏడుపు వాడకట్టంతా వినబడింది. పోశవ్వ ఒక్క మాట అనలేదు, తల వంచుకుని ఊడుస్తూనే ఉంది. మోకాలి నొప్పి సాయంత్రానికి పోయింది. అవ్వ మాట్లాడకపోవడం మాత్రం ముత్యానికి ఇప్పటికీ నొప్పే.

కాబట్టి ఇల్లు తన పేరు మీదికి రాగానే అతను ముసలితల్లి మంచం పక్కన కూర్చుని, గృహప్రవేశం చేసి ఇల్లు సొచ్చిననాడు మనుషులందరిలో ముందు ఆమే గడప దాటాలని చెప్పాడు. పోశవ్వ చుట్ట కొసకున్న నుసి దులిపి ఆలోచించింది.

"దాటుత గని, ఎడమ కాలు వెట్టి దాటుత. గా ఇంటికి కుడికాలు వెట్ట" అంది.

కొత్తింట్లో ఎడమ కాలేమిటని ముత్యానికి గుండె కలుక్కుమన్నది. అయినా సరేనన్నాడు. పూజ చేయించే అయ్యగారికి మాత్రం చెప్పొద్దనుకున్నాడు. ఆరోజు నుంచి పోశవ్వ మంచం పట్టె పట్టుకుని ఎడమ కాలు లేపడం అలవాటు చేసుకుంది. డాక్టరు చెప్పిన కసరత్తు ఒక్కటీ ఎన్నడూ చెయ్యని మనిషి.

ఇక కూతురి సంగతి. సంతోషి హైదరాబాదులో ఆర్కిటెక్టు. ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఉన్నవన్నీ తీసేసి, తీసేసినందుకు ఫీజు తీసుకునే కొలువు. బాపు పాత ఇల్లు కొన్నాడని తెలియగానే సెలవు పెట్టుకుని వచ్చి, ఫీజు లేకుండా చేసిపెడతానంది. హోటల్ దగ్గర చాయ్ తాగుతూ పోశం, ఇంకో పదిమంది చూస్తుండగా ముత్యం ఛాతీ విరుచుకుని, నీ ఇష్టం బిడ్డా, నీ చేతుల పెట్టిన అనేశాడు. గడప సంగతి చెప్పనే లేదు. ఎందుకు చెప్తాడు? గోడలుంటాయా అని అడుగుతామా, తలుపు పెడతావా అని అడుగుతామా? ఇల్లన్న తర్వాత గడప ఉంటుంది. గడప లేని ఇల్లు ఈ లోకంలో ఉంటుందని అతను కలలో కూడా అనుకోలేదు.

సంతోషి లాప్‌టాప్ తెరిచి బొమ్మలు చూపించింది. తెల్లటి పెద్ద హాలు, ఒక మూల ఒక బల్ల, ఇంకో మూల కుండీలో ఒక చెట్టు. ముత్యం భార్య రాజకుమారి కళ్ళు చికిలించి చూసి, సామాన్లు ఎప్పుడొస్తాయని అడిగింది. ఇంతేనంది సంతోషి. టీవీ ఎక్కడ, దేవుళ్ళెక్కడ, పెళ్ళినాటి నుంచి కూడబెట్టిన స్టీలు బిందెలెక్కడ పెట్టాలని రాజకుమారి గోల పెట్టింది. అన్నీ గోడలోపల దాక్కుంటాయట, ఒత్తితే బయటకొస్తాయట. పోశం మాత్రం చాలాసేపు చూసి, "కిరాయోడు చెప్పకుంట ఖాళీ చేసిపోయినట్టున్నదే బిడ్డా" అన్నాడు. సంతోషి దాన్ని మెప్పుగానే తీసుకుంది.

పని మొదలైంది. ముత్యం డ్యూటీ దిగి వచ్చేసరికి రోజుకొకటి మాయమయ్యేది. దీపపు గూళ్ళు పూడిపోయాయి. ఊయల కొక్కేలు ఊడిపోయాయి. చిలుకల దర్వాజ గడప మీది నుంచి ఊడి గోడకు ఆనింది. అన్నింటికీ ఓర్చుకున్న ముత్యం చిలుకల దగ్గర ఓర్చుకోలేకపోయాడు.

"ఈ ఇంట్ల పట్వారి దొర జాడ కనవడొద్దు బాపూ. అందుకే తీస్తున్న" అంది సంతోషి.

"దొర జాడే లేకుంటే ఇది దొర ఇల్లని ఎవలు నమ్ముతరు బిడ్డా? నేను కొన్నదెందుకు మరి?"

అయినా చిలుకలు మళ్ళీ ఎక్కలేదు. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ళు మూడే కాళ్ళంటే, కుందేలు బతుకు ఏం కావాలి?

ఆ తర్వాత స్తంభాల వంతు వచ్చింది. హాలు నడుమ నాలుగు టేకు స్తంభాలు. అవి తీసేసి, పైన కనబడకుండా ఇనుప దూలాలు వేసి, హాలంతా ఒకే ఖాళీ చేస్తానంది. దూలాలు పడ్డాయి, స్తంభాలు పోయాయి. ఆ సాయంత్రం ముత్యం చేతికర్ర తెచ్చి కప్పంతా తట్టాడు. ఖంగుమంది. అయినా నమ్మలేదు. మరుసటి వారం హైదరాబాదు నుంచి వచ్చిన సంతోషికి తన మినిమలిస్టు హాలు స్థానంలో బొగ్గుబాయి కనబడింది. అడుగడుక్కూ నీలగిరి కర్ర ఒకటి, పైన చెక్కముక్క, కింద చెక్కముక్క, అచ్చం రూలు ప్రకారం నిలబడి ఉన్నాయి. ఎనిమిదో నంబరు కర్రకు ముత్యం తువ్వాలు కూడా వేలాడుతోంది.

ఆమె ఇనుము లెక్కలన్నీ విడమరిచి చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. చివరికి ఆమె విసిగిపోయి, నమ్మకం లేనిది కప్పు మీదనా, నా మీదనా అని అడిగేసింది.

"నీ మీద ఉన్నది బిడ్డా. కప్పు మీదనే లేదు" అన్నాడు ముత్యం.

కర్రలు తీసేశారు. ముత్యం ఆ హాల్లోంచి గోడ పక్కగా నడవడం నేర్చుకున్నాడు. ఇక గోడలకు తెల్లరంగు వేశారు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ మోత, సాయంత్రానికి తెలుపు మీద బొగ్గు పొడి. రాజకుమారి గోడ మీద వేలితో గీత గీసి కూతురికి చూపించింది. సంతోషి ఆలోచించి, బూడిద రంగు వేద్దామంది. నెల రోజులు ఆగితే ఆ రంగు ఉత్త పుణ్యానికే వస్తుంది కదమ్మా అని రంగులేసే మనిషి సలహా ఇచ్చాడు.

ఇదంతా ముత్యం భరించాడు. చిలుకలు పోతే పోనీ, స్తంభాలు పోతే పోనీ, గడపొక్కటి ఉంటే చాలు. పిల్ల ముచ్చట పిల్లది, నా ముచ్చట నాది అనుకున్నాడు. రిటైర్‌మెంటు ముందు ఆఖరి షిఫ్టులు, తోటివాళ్ళ దావత్‌లు, శాలువలు, దండలు. ఆ సందట్లో కొన్ని రోజులు ఊరి వైపు పోలేదు. ఇల్లు సొచ్చుడు ఇంకో మూడు పొద్దులుందనగా పోయాడు.

అరుగు మీది నుంచి హాల్లోకి నడుస్తూనే ఏదో తేడా కొట్టింది. కాలు లేపనేలేదు, లోపలికి వచ్చేశాడు. వెనక్కి తిరిగి చూశాడు. అరుగు నుంచి పెరటి దాకా ఒకే గచ్చు, నున్నగా, మెరుస్తూ, అడ్డమనేది లేకుండా పారి ఉంది.

"గడప ఏది?" అన్నాడు.

"తీయించిన బాపూ. బాపమ్మ కాళ్ళు పైకి లేవయి గద. తట్టుకొని పడుతదని" అంది సంతోషి, మెప్పుకోసం చూస్తూ.

ముత్యం గోడ పక్కన చతికిలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. వాకిలి, బకెట్, చిలుకలు, చేతికర్ర, ఊడుస్తూనే ఉన్న అవ్వ, మంచం పట్టె పట్టుకుని లేపుతున్న ఎడమ కాలు, అన్నీ. చెప్తుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా. సంతోషి అతని పక్కనే కూర్చుంది. ఇంట్లో ఇంత జరిగిందని ఆమెకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

"ఒక్కమాట చెప్పవైతివి బాపూ" అంది.

"చెప్పుకునే ముచ్చటనా బిడ్డా అది?"

వడ్రంగి వడ్ల కిషన్‌ను పిలిపించారు. అతను పెరట్లో తాడిపత్రి పట్టా కింద పడి ఉన్న గడపను చూశాడు, ఆరిపోయిన గచ్చును చూశాడు. మళ్ళీ దింపాలంటే గచ్చంతా పగలగొట్టాలి, మూడు పొద్దుల్లో కాదు. కావాలంటే పైనే పెట్టవచ్చు గానీ రోడ్డు మీది స్పీడ్ బ్రేకరు లాగా ఉంటుంది, వచ్చిన చుట్టమల్లా పళ్ళు రాలగొట్టుకుంటాడు అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. బాపమ్మకు చెప్పొద్దని తండ్రీ కూతురూ ఒప్పందానికి వచ్చారు. గడప ఉండే చోట బంతిపూల దండ అడ్డంగా పరిస్తే, అవ్వ దాన్నే దాటుతుందని ముత్యం ఉపాయం చేశాడు. చూపు ఎలాగూ మసకే కదా.

ఆ రోజు రానే వచ్చింది. కాలనీ మొత్తం ఆటోల్లో దిగింది. ముత్యం లావుపాటి బంతిదండ తెచ్చి, గడప స్థానంలో కొలిచినట్టు పరిచాడు. మనుషులకన్నా ముందు ఆవు పోవాలి కాబట్టి ఆవును తోలారు. ఆవు దండ దగ్గర ఆగింది. వాసన చూసింది. తర్వాత ఒక కొస నుంచి మొదలుపెట్టి, నిదానంగా, గడపను తినేసింది. అయ్యగారు శుభం శుభం అన్నాడు. ఆవు హాలు నడుమకు పోయి, నున్నటి గచ్చు మీద పేడ కూడా వేసింది. రాజకుమారి లక్ష్మి వచ్చిందని చెంపలేసుకుంది. సంతోషి తన బొమ్మల్లో లేని మొదటి వస్తువును చూసి కళ్ళు మూసుకుంది.

అప్పుడు పోశవ్వ కదిలింది. కొత్త చీర, చేతిలో కర్ర, పక్కన కొడుకు. అరుగెక్కిన దగ్గర్నుంచే ఎడమ కాలు లేపి, గాలిలో తడిమి, కింద పెట్టి, కుడికాలు లాక్కుంటూ నడిచింది. గడప తగల్లేదు. ఇంకో అడుగు వేసింది. మళ్ళీ కాలు లేపింది. జనమంతా మెడలు చాచి చూస్తున్నారు. ముసల్ది అట్లా కాలు లేపుతూ, తడుముతూ, హాలు నడిమధ్య దాకా పోయి, పేడకు బెత్తెడు దూరంలో ఆగింది.

"గడప ఏదిరా?"

"దాటినవ్ అవ్వా" అన్నాడు ముత్యం.

"ఎప్పుడు?"

పోశవ్వ చుట్టూ చూసింది. గోడలు, ఖాళీ, బల్ల, కుండీలో చెట్టు. ఇది ఆ ఇల్లేనా అని అడిగింది. అవునన్నాడు. దవాఖానలా ఉంది, డాక్టరు ఎక్కడ కూర్చుంటాడంది. ఎవరో కిసుక్కుమన్నారు. ముత్యానికి నవ్వు రాలేదు. బతుకులో అవ్వకు ఇద్దామనుకున్నది ఒకే ఒక్కటి, అదీ ఆవు తిన్నది. సిగ్గుతో అతనికి కప్పు వైపు చూడాలన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

వచ్చిన సర్దార్లు, బొగ్గు తొట్లు తోసే ట్రామ్మర్లు, కర్రలు నిలబెట్టే టింబర్‌మన్లకు మాత్రం గుర్తుంది. లోపల కాలు పెట్టీ పెట్టగానే ఒక్కొక్కరూ తల పైకెత్తారు. ఇంత వెడల్పు కప్పు, కింద సపోర్టన్నది లేదు. ఎవరూ ఏమీ అనలేదు, మర్యాదస్తులు. అయితే ఒక్కరూ నడుమకు రాలేదు. గోడల వెంట వరుసగా, వీపులు ఆనించి, పెళ్ళిఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డారు. సంతోషి కూర్చోండి కాకా, కూర్చోండి మామా అని బతిమిలాడింది. పర్వాలేదు బిడ్డా, గీడ మంచిగున్నదన్నారు. వ్రతం అయినంతసేపూ అయ్యగారు, ముత్యం దంపతులు, పోశవ్వ, ఆవు పేడ తప్ప హాలు నడుమ ఇంకెవరూ లేరు.

అయ్యగారి స్కూటర్ మలుపు తిరగగానే పెరట్లో యాటమాంసం కూర గంజు పొయ్యెక్కింది. ఆ వాసన పట్టుకుని పోశవ్వ పెరట్లోకి నడిచింది. కాసేపటికి ముత్యం వెతుక్కుంటూ పోయేసరికి, ఆమె తాడిపత్రి కొస లేపి నిలబడి ఉంది. కింద టేకుదుంగ. నడుమ అరిగిన పల్లం, తుప్పుపట్టిన గుర్రపునాడా. ఆమె కర్రతో దాన్ని పొడిచి చూసింది. తట్టి చూసిందనాలి, కొడుకు బాయిలో తట్టినట్టే.

"ఇదే గద" అంది.

"ఇదే అవ్వా. పిల్లకు తెల్వక తీసింది. నాదే తప్పు" అని ముత్యం చేతులు నలుపుకున్నాడు.

పోశవ్వ కర్ర పక్కన పడేసి, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా దిగి, ఆ గడప మీద కూర్చుంది. చక్కగా, నాడా మీద, చీర సర్దుకుని. బొడ్లోంచి చుట్ట తీసి పొయ్యి నిప్పుతో వెలిగించుకుంది. గంజు దగ్గరున్న చుట్టం సారవ్వ గుండెలు బాదుకుంది. గడప మీద కూర్చోకూడదు, ఇంటికి అరిష్టమంది.

"ఎవలింటికి?" అంది పోశవ్వ. సారవ్వ గంజు వైపు తిరిగి కూర కలియబెట్టింది.

ముసలమ్మ పెరట్లో కూర్చుందని తెలియగానే గోడలకు అతుక్కున్న బాయి జనానికి ఒక సాకు దొరికింది. ఒకరి వెనుక ఒకరు బయటపడ్డారు. పైన ఆకాశమే ఉంది కాబట్టి అందరికీ ఊపిరాడింది. ఎవరికి దొరికిన చోట వాళ్ళు విస్తరాకుతో కూర్చున్నారు, మాటలు మొదలయ్యాయి, రాజకుమారి గోడలు ఒత్తి ఒత్తి స్టీలు బిందెలన్నీ బయటికి తీసుకొచ్చింది. లోపల సంతోషి పేడ ఎత్తించి, తుడిపించి, ఖాళీ హాలును ఫోన్లో ఫొటోలు తీసుకుంది. మనుషుల్లేని ఇల్లు దొరకడం ఆ కొలువులో చాలా కష్టమట. ఆమెకు మాత్రం ఆ పొద్దు ఫొటోల్లో ఏమీ నచ్చలేదు. ఫోన్ బొడ్డులో దోపుకుని తనూ పెరట్లోకి వచ్చింది.

వచ్చి బాపమ్మ పక్కన, గడప మీదే కూర్చుంది. క్షమించమని అడగబోతే పోశవ్వ చుట్టపొగ వదిలి, కూర గిన్నె ఆమె చేతిలో పెట్టింది.

"మంచిపనే చేసినవ్ పిల్లా. లోపలుంటే ఒక్కసారి దాటుడే గద. గిప్పుడు రోజు కూసుంట" అంది.

ముత్యం ఎదురుగా నిలబడే ఉన్నాడు. బాయిలో అందరికంటే ముందు కప్పు కింద నిలబడిన మనిషి, తల్లి కూర్చున్న దుంగ ముందు నిలబడి ఉన్నాడు. ఇంకా చోటుంది. ఒక అడుగు వేశాడు గానీ మోకాలు ముందుకు రాలేదు. ఇంత వయసొచ్చి, ఇల్లు తన పేరు మీదుండి, పట్వారి కర్ర మాత్రం ఇంకా ఆ మోకాలి మీదే ఉంది.

"నిలవడ్డవేందిరా, కూసో" అంది పోశవ్వ.

ముత్యం భుజం మీది తువ్వాలు తీశాడు. తనకు తెలియకుండానే వంగి, గడప మీది దుమ్ము దులపబోయాడు. పోశవ్వ తువ్వాలు కొస పట్టుకుని లాగేసింది.

"మనం ఊడ్చింది సాలదారా ఇంక?" అంది.

తువ్వాలు ఆమె చేతిలోనే ఉండిపోయింది. ముత్యం దుమ్ములోనే, తల్లి పక్కన కూర్చున్నాడు. సారవ్వ అతనికి విస్తరేసి కూర వడ్డించింది.